లాగా

దుబాసీ పనికి మూడు నియమాలు:
కలపకూడదు. తీసెయ్యకూడదు.
వచ్చినవాళ్లు ఏదైనా పెడితే తినకూడదు.
గంటకింతని ఇస్తారు. ఏడిస్తే ఎక్కువేమీ ఇవ్వరు.

హమమత్సు వార్డు ఆఫీసు, ఏడో నంబరు కిటికీ.
ఇవోని తమషిరో టోకెను చీటీని
నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుంది,
ఎవరో లాక్కుంటారన్నట్టు.
అరవై రెండేళ్లు. అందులో ఇరవై ఎనిమిది
మోటార్ సైకిళ్ల సైలెన్సర్లకు వెల్డింగు.
ముందు నడుం పోయింది, తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది.
కాదు, ముందు ఫ్యాక్టరీయేనేమో.
ఆమెకే గుర్తులేదు. ఫారానికి మాత్రం తేదీలు కావాలి.

కుర్రాడు ఆమె పేరు చదివి తలెత్తాడు.
తమషిరో. ఓకినావా ఇంటిపేరు.
తాతతో ఓడెక్కి బ్రెజిల్ పోయి
మనవరాలితో విమానమెక్కి తిరిగొచ్చింది.
"మీరు..." అని ఏదో అనబోయి
స్టాంపు ప్యాడు సర్దుకున్నాడు.

ఆమె బిస్కెట్ డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించింది.
ఇరవై ఎనిమిదేళ్ల పన్ను రసీదులు.
రబ్బరు బ్యాండ్లు ఎండి కాగితాలకే అతుక్కుపోయాయి.
"ఇవేవీ అక్కర్లేదండీ," మర్యాదగానే అన్నాడు.
బ్యాంకు పుస్తకం, అద్దె చీటీ, నివాస కార్డు చాలట.

కార్డు మీద శాశ్వత నివాసి అని ఉంటుంది.
అదే కార్డు మీద గడువు తేదీ కూడా ఉంటుంది.
ఏడేళ్లకోసారి మన శాశ్వతత్వాన్ని
మార్పించుకోవాలి, టోపీ లేని కొత్త ఫోటోతో.
నా సంచీలోనూ ఒకటుంది.
నాది వచ్చే మార్చి దాకా శాశ్వతం.

అప్పుడు కుర్రాడు ఒక వాక్యం చదివాడు:
"చట్టం ప్రకారం ఈ సాయం పౌరులకు.
శాశ్వత నివాసులకు కూడా, పౌరులకు లాగా, వర్తింపజేస్తున్నాం."

లాగా.
చిన్న మాట. పోర్చుగీసులో ఇంకా చిన్నది.
నాలిక చివరిదాకా వచ్చింది.
ఆమె చూపుడువేలు చూశాను,
గోరుండాల్సిన చోట నున్నటి చర్మం.
"మీకు హక్కుంది" అన్నాను.

ఒక్క మాటతో రెండు నియమాలు పోయాయి.
ఇవోని నడుం మర్చిపోయి నిటారుగా కూర్చుంది.
హక్కున్నవాళ్లు ఏం అడుగుతారో అదే అడిగింది:
"మరి కాదంటే? పైన ఎవరికి చెప్పుకోవాలి?"

కుర్రాడు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.
"పౌరులైతే అప్పీలు చేసుకోవచ్చు. వీరి విషయంలో, అది కాస్త..."
ఇక్కడ వాక్యాలను అలాగే వదిలేస్తారు,
గడప దగ్గర చెప్పులు విడిచినట్టు.
మిగతాది మనమే లోపలికి మోసుకెళ్లాలి.

మోశాను.
"ఇందాక నేను చెప్పింది తప్పు. హక్కు కాదు. లాగా.
వాళ్లు ఇవ్వొచ్చు. ఇవ్వకపోతే మీకు పైమెట్టు లేదు."

అరుస్తుందనుకున్నాను.
ఆమె రసీదుల కట్టలోంచి ఒకటి పీకింది.
కాగితం చిరిగి, సగం బ్యాండుకే ఉండిపోయింది.
"పన్ను కూడా లాగానే కట్టానా?
దీన్లో ఆ మాట ఎక్కడుందో చూపించమను."

కలపకుండా, తీసెయ్యకుండా చెప్పాను.

కుర్రాడు రసీదు అందుకున్నాడు.
కళ్లజోడు పైకి తోసుకుని నిజంగానే వెతికాడు,
ముందువైపు, వెనకవైపు,
చిరిగిన అంచు దాకా.
"లేదండీ" అన్నాడు, చాలా చిన్నగా.
ఆ మాటకు దుబాసీ అవసరం లేకపోయింది.

ఆ తర్వాత మళ్లీ ఫారమే.
తోబుట్టువులున్నారా? లోండ్రినాలో ఒక తమ్ముడు.
పోషించగలడా? అతనికి ఉత్తరం రాస్తారట.
ఏ భాషలో అని ఇవోని అడిగింది.
నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

పద్నాలుగు రోజుల్లో జవాబు వస్తుందన్నారు.
మెట్ల దగ్గర ఆమె నా చేతిలో
కాగితంలో చుట్టిన జామపండు మిఠాయి పెట్టింది.
అబద్ధానికా, నిజానికా, అడగలేదు.
తినలేదు.
కోటు జేబులో, కార్డు పక్కనే ఉంది,
కాగితమంతా జిగురు.

ఇవాళ పదకొండో రోజు.