కాస్త ముందుకి అందించండి

జీప్నీలో రెండే బల్లలు, ఎదురెదురుగా.
మోకాలికి మోకాలు రాసుకుంటూ
అటు పది మంది, ఇటు పది మంది.
ఎక్కేది వెనక నుంచి. డ్రైవరు ముందు.
నడుమ కండక్టరంటూ ఎవరూ ఉండరు,
మా చేతులే.

"బయద్ పో" అంటాం. ఇదిగోనండీ కిరాయి, అని.
పదమూడు పెసోలు నా అరచేతిలోంచి
చేపల బుట్టావిడ తడిచేతికి,
అక్కణ్ణించి బడిపిల్లాడికి,
వాడి నుంచి చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రాడికి.
అతను తలెత్తడు, అందిస్తాడు.
చివర్న దొమినడోర్ కుడి చెయ్యి
భుజం వెనక తెరుచుకుని ఉంటుంది.
రోడ్డు మీంచి కళ్ళు తిప్పడు.
చిల్లర అదే దారిలో వెనక్కొస్తుంది, పైసా తరగకుండా.
దిగాలంటే పైకప్పు మీద నాణెంతో టక్ టక్.
తొమ్మిదేళ్ళలో ఒక్కసారే రెండు పెసోలు తగ్గాయి,
చూస్తే లెక్క తప్పింది నేనే.

పొగ ఎక్కువన్నారు.
ఎక్కువే. నా తెల్ల యూనిఫాం కాలర్ని అడగండి.
కొత్త బండి కొనుక్కో, లేదా కంపెనీలో కలిసిపో అన్నారు.
కొత్త బండి ధర కాగితం మీద చూసి
దొమినడోర్ సున్నాలు వేలితో లెక్కపెట్టాడట,
మళ్ళీ మొదటి నుంచీ.
ఆయన బానెట్ మీద ముగ్గురు కూతుళ్ళ పేర్లుంటాయి.
మూడోదానికి చోటు చాలక
చివరక్షరం హెడ్‌లైటు కిందికి జారింది.
కంపెనీ బండి మీద కంపెనీ పేరేగా ఉండేది.

సమ్మె మొదటి రోజు తిట్టుకున్నాను, దాచేదేముంది.
పన్నెండు గంటలు రోగుల పక్కలు మార్చి
నాలుగు కిలోమీటర్లు వానలో నడిచినవాళ్ళకి
ఎవరి న్యాయమూ చెవికెక్కదు.
రెండో రోజూ తిట్టుకున్నాను.
మూడో రోజు ఫ్లైఓవర్ కింద చూశాను,
నలభై బండ్లు ముక్కు తోకా ఆనించి నిలబడ్డాయి,
అంబులెన్సు కోసం ఒక వరస ఖాళీగా వదిలి.

నీటి ఫిరంగులు ఆ వరసలోంచే వచ్చాయి.

దొమినడోర్‌ని ఎక్కించుకున్నారు, టైర్ల షాపు ఎఫ్రెన్‌నీ.
వ్యాను కదులుతుంటే
లోపల్నించి ఎవరో పైకప్పుని నాణెంతో
టక్ టక్.
ఆగలేదు.

జామీను ఎంతో చెప్పినప్పుడు
అందరూ తడిచొక్కాలు పిండుకుంటున్నారు.
చివరి బండిలో తలదాచుకున్న గంజి అమ్మే ఎస్కొలాస్టికా
అలవాటు మీదే అందనుకుంటా:
"బయద్ పో. కాస్త ముందుకి అందించండి."
తడిసిన ఇరవై నోటు.
కొందరు నవ్వారు. నవ్వుతూనే అందించారు.
కిటికీలోంచి కిటికీకి, బండి నుంచి బండికి,
నా దగ్గరికొచ్చేసరికి రెండు దోసిళ్ళు కావాల్సొచ్చింది.
నేనూ వేశాను. ఎంతో చెప్పను, తక్కువే.
మొదటి బండిలో లిగాయా ఒళ్ళో బిస్కెట్ల డబ్బా నిండింది.
అప్పుడు వెనక నుంచి కేక:
"నాకు ఏడు రావాలి!"
ఏడు పెసోలు నలభై బండ్లు దాటి వెనక్కెళ్ళాయి.
ఉద్యమం ఉద్యమమే, చిల్లర చిల్లరే.

జామీనుకి అది మూడో వంతు కూడా కాలేదు.
మర్నాడు మళ్ళీ అందించాం.
ఆ మర్నాడూ.

దొమినడోర్ ఇంటికొచ్చాడు.
కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు.
కమిటీ వేశామన్నారు, కూర్చుందో లేదో తెలీదు.
బండి ఫ్లైఓవర్ కిందే ఉంది,
దాని బల్ల మీద ఎస్కొలాస్టికా గిన్నెలు ఆరబెడుతోంది.

ఈ వారం నేను ఏసీ బస్సులో పోతున్నాను.
కార్డు ఆనిస్తే కీచుమంటుంది.
ఎవరి చెయ్యీ ఎవరికీ తగలదు.
నిన్న ఒకామె కార్డు పనిచెయ్యక
గుమ్మంలోనే నిలబడిపోయింది, గుప్పిట్లో నాణేలతో.
అందరం అద్దాల్లోంచి బయటికి చూస్తున్నాం.
"ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాపాను.
ఇచ్చేసింది.

డ్రైవరు గాజు గదిలో ఉన్నాడు.
పదమూడు పెసోలు నా చేతిలో వేడెక్కుతున్నాయి,
పక్కనున్నాయన వైపు తిరిగాను.