పిలిస్తే వస్త

ల్యాబుల కంప్యూటర్లు ఇరవై రెండు. నడిచేటియి ఏడు.
మూలకు ఒక సర్వరు.
నక్కలగుట్ట కాడి బ్యాంకు ఇల్లు మారుతూ వదిలేసిపోయింది,
ఆ స్టిక్కరు గోరుతోని గీకినా ఊడలె.

పోయిన జూలైల నాగమణి
ఒక్క కమాండుతోని మొత్తం డిస్కు తుడిచేసింది.
ఏటూరునాగారం నుంచి వచ్చిన పిల్ల.
ఆనాటి నుంచి చేతులు ఒళ్ళె పెట్టుకుని
పక్కపిల్ల తెర చూసుకుంట కూసుంటది.

అందుకే ఈ రాత్రి.
ఒక్క మిషన్ల ముప్పై మిషన్లు లేపాలె,
ఎవలది వాళ్ళు ఖరాబు చేసుకునేటందుకు.

వాచ్‌మన్ ఓదెలు తాళంచెవి నా చేతుల పెట్టిండు.
"పోయేటప్పుడు ఫ్యాన్ బంజెయ్ సార్."

నీలం తెర. ప్రశ్నలు.
వేల ప్రశ్నలు, దేనికైనా మూడే జవాబులు.
వై అంటే అవును, కడుపుల పెట్టుకుంట.
ఎన్ అంటే వద్దు.
ఎం అంటే
లోపల ఉండ, కడప అవతల ఉంట,
పిలిస్తే వస్త.

సౌండు వద్దు. బ్లూటూత్ వద్దు. జాయ్‌స్టిక్ వద్దు.
హ్యామ్ రేడియో, ఎవలతోని మాట్లాడాలె, వద్దు.
ఫ్లాపీ కాడ వేలు ఆగింది.
నా మొదటి ప్రోగ్రాం దాంట్లనే ఉండె.
వద్దు.
కేవీఎం కావాలె. బ్రిడ్జి కావాలె.

మేక్ అని కొట్టి నాలుగు కోర్లను పనికి తోలిన.
సీసీ, సీసీ, సీసీ...
కాజీపేట గేటు కాడ గూడ్సుబండి డబ్బాలు లెక్కపెట్టుకుంట
నడుమల మర్చిపోయినట్టు వరుసలు పోతనే ఉన్నయి.
సర్వరు మీద చెయ్యి పెడితే పెనం.
బయట ఏప్రిల్, లోపల ఇంకో ఏప్రిల్.
టిఫిన్ల సర్వపిండి ఎండి అప్పడమైంది, అట్లనే నమిలిన.

పన్నెండున్నరకు ఏదో హెడర్ ఫైలు లేదని ఆగింది.
తెచ్చిచ్చిన.
రెండుంబావుకు అయిపోయింది. రీబూట్.

ప్యానిక్.

రూటు దొరకలేదట.
చూస్తే, డిస్కు డ్రైవరుకు సుత వద్దన్న.
వద్దు వద్దు అనే ఊపుల
కాలు కింది నేలకే వద్దన్న.

పాత కెర్నల్ మెనూల అట్లనే ఉన్నది.
కొత్తది నిలబడేదాక పాతదాన్ని కూలగొట్టద్దు.
ఇది పుస్తకంల చదివింది కాదు,
మూడుసార్లు పోగొట్టుకుని నేర్చుకున్నది.

మళ్ళ నీలం తెర. ఈసారి నిమ్మలంగ.
ఇందాక చూడకుండ దాటిపోయిన గడి ఒకటి:
గెస్ట్ సపోర్ట్.

లోపలి మిషన్‌కు
తను లోపలిదాన్నని తెల్వాల్నా?
తెల్వకపోయినా నడుస్తది.
లేని డిస్కుకు మొక్కుకుంట, లేని గడియారం చూసుకుంట,
సొంతిల్లే అనుకుని గోడలకు మేకులు కొట్టుకుంట
నడుస్తది, మెల్లగ.
తెలిస్తే మాత్రం
ఉత్తుత్త తిప్పలు పడది.
సక్కగ ఓనరు తలుపు కొట్టి అడుగుతది.

శానసేపు సోంచాయించిన.

తొమ్మిదేండ్ల సంది గెస్ట్ లెక్చరర్ను.
పీరియడుకు ఇంత, ఎండకాలం సెలవులకు సున్న.
జూన్ల పిలిస్తే వస్త.
మొదటి రెండేండ్లు తెల్వనట్టే నడిచిన,
స్టాఫ్‌రూం బీరువా మీద పేరు సుత రాసుకున్న,
పెయింటుతోని.

వై కొట్టిన.

తెల్లారంగ మొదటిది లేచింది. వెనుకనే రెండోది.
పద్నాలుగో దానికి ర్యామ్ మూలిగింది.
ముప్పై అనుకున్న, పద్నాలుగుతోనే ఆపిన.
ఇద్దరికొకటి, ఇంకొందరు ఆగాలె.
వడ్డేపల్లి చెరువు దిక్కు వాకింగోళ్ళ చెప్పుల చప్పుడు.
ఫ్యాన్ బంజేసిన.
రిజిస్టర్ల రాత్రికి గడి లేదు.

పదిన్నరకు నాగమణిని పిలిచి
"ఇది నీది" అన్న.
నన్ను చూసింది. తెరను చూసింది.
జూలై నాటి ఆ కమాండే,
చుక్క పొల్లు పోకుండ,
ఒక్క వేలుతోని కొట్టింది.

"పోయింది సార్."
"పోనియ్."

కాసేపు ఖాళీ తెర చూసింది.
కుర్చీ ముందుకు జరుపుకున్నది.
"ఇంకోటి ఇయ్యుండ్రి."