ఎగుమతి కూలి

మైదుకూరు బస్టాండు ఎదురు సందులో
జిరాక్సు మిషన్ వేడికి గోడ పెచ్చులూడిన కొట్టు.
తెర మీంచి కళ్ళు తిప్పకుండా అడుగుతాడు ఓబులేసు:
పేరు?

ఆధార్‌లో కాశమ్మ.
పాన్ కార్డులో ఖాసిమ్మ.
బ్యాంకు పుస్తకంలో కాసింబి.
ముగ్గురాడోళ్ళం
ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాం.
"మీలో ఎవరక్కా ఎగుమతి చేసేది?"
ముగ్గుర్నీ ఒకతిని చేసుకు రావడానికి
కడపకు నాలుగు తిరుగుళ్ళు, ఒక అఫిడవిట్టు,
నోటరీ ఆయన భోంచేసి వచ్చేదాకా వేపచెట్టు నీడ.

సరుకు?
కేపీ ఉల్లి.
రేగుపండంత. అదే ఎరుపు.
నారు పోసినా, కలుపు తీసినా, పీకినా
నా పోపులో ఒక్కనాడూ పడని ఉల్లి.
ఈడ ఎవరూ తినరు. కోస్తే గుప్పెడు కాదు,
ఘాటుకు మాత్రం వీధి వీధంతా ఏడుస్తాది.
తోకలు కోసి, పొట్టు రాల్చి, జల్లెడ మీద సైజులు చేసి
పన్నెండేండ్లు కూలికి పోయినా,
యాడికి పోతాదో అడగలేదు.
మద్రాసు అనేవాళ్ళు.
ఆ తర్వాత నీళ్ళు అనేవాళ్ళు.

ఒక ఏడు మాత్రం తెలిసింది, పోవడం లేదని.
పైనెవరో ఆపినారంట. కళ్ళాల్లో కుప్పలు కుళ్ళి
గొర్రెలకేస్తే గొర్రెలు మూతి తిప్పుకున్నాయి.
ఆ వాసన ఇంకా నా చీరల్లో ఒకదానికుంది.
అయినా వచ్చినాను చూడు, ఫీజు కట్టడానికి.

రద్దు చేసిన చెక్కు ఒకటి కావాలంట.
కొత్త పుస్తకం, జిగురు వాసన పోలేదు.
మొదటి ఆకు మీద నేను మొదట రాసింది
రెండు అడ్డగీతలు, నడుమ 'రద్దు'.
ఇదేం బోణీరా అంటే
"అంతేక్కా, డబ్బు రావాలంటే ముందు ఒకదాన్ని చంపాల" అన్నాడు.

సంతకం కూడా అమ్ముతారు, డిజిటల్‌ది,
చిటికెన వేలంత డబ్బీలో.
వేలిముద్ర నుంచి సంతకందాకా నడవడానికి
రాత్రిబడిలో నాకు రెండు చలికాలాలు పట్టింది.
కకు దీర్ఘం. మకు మావత్తు.
ఇప్పుడది చెయ్యి లేకుండానే పడుతుందంట.
కొన్నాను. కొంగున ముడేసుకున్నాను, బీగంచెవి పక్కన.

గత మూడేళ్ళలో ఎగుమతులు?

ఆ మాటకాడ ఆగిపోయినాను.
మా ఇంట్లో ఎగుమతి అంటే ఓడ కాదు.
యార్డులో బస్తా ఎత్తి లారీలో వేస్తే ఎగుమతి,
లారీలోంచి కిందికేస్తే దిగుమతి.
బస్తాకింత. దిగుమతికి పావలా తక్కువ.
"ఈ పొద్దు ఎగుమతుండాది" అని నాయన తువ్వాలు దులిపితే
రాత్రికి వరి అన్నం.
దులపకుండా మడిచి పెడితే
అమ్మ సంగట్లో నీళ్ళు కొలిచేది కాదు.

"రాయి అబ్బీ," అన్నాను,
"దూదేకుల దస్తగిరి. ముప్పై ఒక్క ఏడు.
లారీలు లెక్కబెట్టుకోలేదు.
కుడి మూపు మీద కాయ కట్టింది,
రుజువు కింద చాలదా?"

అప్పుడు తెర వదిలి నా మొగం చూసినాడు ఓబులేసు.
కాసేపు వేళ్ళు మీటల మీదే ఉండినాయి.
తర్వాత మెల్లగా కొట్టినాడు:
సున్నా.

తొమ్మిదోనాడు వచ్చింది సర్టిఫికెట్టు.
ఇంటికి తెచ్చి నాయన చేతికిచ్చినాను.
రెండు చేతులా అందుకున్నాడు,
అలవాటుకి మోకాళ్ళు కొంచెం వంచి.
"దీనికి బరువే లేదే" అన్నాడు.
వెనక్కి తిప్పి చూసినాడు. వెనకేం లేదు.

"సరే, ఈడ ఎత్తేది మనం.
ఆడ దించేదెవరు మే?"

ఫారమంతా మనసులో ఒకసారి తిరగేసినాను.
ఆ గడి లేదు.