అక్షరానికి పన్నెండు రూపాయలు

బేతంచెర్లలో పొద్దు తెల్లగా పుడుతుంది
నాపరాళ్ళ పొడి మీద.
చెట్ల ఆకులకు, టీ గ్లాసులకు,
నిద్రలో దగ్గేవాళ్ళ రొమ్ములకు
అందరికీ అదే విబూది.

నేను దూదేకుల మౌలాలిని. బండల మీద పేర్లు చెక్కుతాను.
గుడికైనా, దర్గాకైనా, చర్చి గోడకైనా
అక్షరానికి పన్నెండు రూపాయలు.
ఒత్తుకు వేరే లెక్క.
దేవుళ్ళతో నాకు గిట్టుబాటు తక్కువ,
వాళ్ళ పేర్లు పొట్టివి.
నా పొయ్యి మండేది దాతల పేర్లతోనే:
ఇంటిపేరు, గారు, ధర్మపత్ని, కుమారులు, కోడళ్ళు,
ఒక్కోసారి ఇంకా కడుపులో ఉన్న మనవడికి కూడా
రొంత చోటు వదలమంటారు.

ఆ యేడు కొండ కింద గుడికి పదకొండు మెట్లు వేసినారు.
పదకొండింటి మీదా ఒకటే కుటుంబం.
ప్రతిష్ఠ నాడు సూరేపల్లి నాగేశ్వరయ్య గారు
పట్టుపంచెతో వచ్చి
మూడో మెట్టు కాడ వంగినాడు.
మొక్కుతున్నాడనుకున్నాము.
'సూ'కు దీర్ఘం పడిందా లేదా అని
వేలితో తడిమి చూసుకున్నాడు.
పడింది.
లేచి లోపలికి పోయినాడు.
మైకులో గోత్రం చదివించినాడు,
చివరి వరసకు వినపడలేదేమోనని
ఇంకోసారి చదివించినాడు.
చెడ్డమనిషేం కాదు.
నా కూలి ఒక్క రూపాయి ఎగ్గొట్టలేదు.

సుంకులమ్మ వచ్చేది తెల్లారి ఐదింటికి,
పాలిష్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఎక్కకముందు.
బండలు మోసి మోసి ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయినాయి.
రేషన్ షాపులో మిషను ఆమెను గుర్తుపట్టదు.
ఆ వేళ్ళతోనే ఒక్కో మెట్టూ తాకి
అక్షరం అక్షరం కళ్ళకద్దుకుంటుంది.
లోపలికి పోదు.
ఒంటి మీద దుమ్ము కదా అని
తనకు తానే చెప్పుకుని ఆడే ఆగిపోతుంది.

ఒకనాడు అడిగింది:
"మౌలాలీ, ఈ సామి పేర్లన్నీ నువ్వే రాసినావంట కదప్పా,
ఇది ఏ సామి?"
ఆమె వేలు 'ధర్మపత్ని' మీద ఉంది.

నలభై ఏండ్లుగా దానశీలి, ధర్మాత్ముడు అని
రాళ్ళకు చదువు చెప్పినోణ్ణి.
నోట్లో ఉలి అడ్డం పడినట్టయింది.
"అమ్మవారు" అన్నాను.
"అనుకున్నాలే" అని నవ్వి
మళ్ళీ ఒకసారి అద్దుకుంది.

ఎండలు ముదిరినాక
కొంగుముడి విప్పి రెండు వందలు నా ముందర పెట్టింది.
"నాకూ ఒగటి చెక్కియ్యి."
ఏం పేరు రాయల్ల అన్నాను.
"నా పేరుతో సామికేం పని?
గుంత చెక్కు. ఇంత."
దోసిలి పట్టి చూపించింది.
"నీళ్ళు పోస్తా.
కాకులు నోళ్ళు తెరుసుకోని తిరుగుతాండాయి."

అలవాటు కొద్దీ అక్షరాలు లెక్కబెట్టినాను.
ఒక్కటీ లేదు.
గుంతకు నా దగ్గర రేటు లేదు.

మెట్ల మీద కూడదన్నారు కమిటీవాళ్ళు.
గోడ అవతల, మిగిలిన బండముక్కలో చెక్కినాను.
రెండు వందలూ తీసుకున్నాను.
తీసుకోకపోతే ఆమెకు కోపమొచ్చేది.
రెండు దినాలు పట్టింది.
లోతు సరిగ్గా రావాలని
నా దోసిలే పెట్టి పెట్టి చూసుకున్నాను.

ఇప్పుడామె కర్నూలు పెద్దాసుపత్రిలో ఉంది.
రొమ్ములో రాయి చేరిందన్నాడు డాక్టరు,
దానికి ఇంగ్లీషులో ఏదో పొడుగు పేరు చెప్పినాడు.
ఎన్ని అక్షరాలో నేను లెక్కబెట్టలేదు.

నీళ్ళు నేను పోస్తున్నాను.
మొదటిరోజు చెప్పులు విడవలేదు,
మంత్రం లేదు, ఫాతిహా లేదు,
నోట్లో బీడీ అట్లే ఉంది.
బిందె వంచుతుంటే ఒక కాకి
గోడ మీద నుంచి తిట్టింది,
ఇంతసేపా అని.

రెండో రోజు ఎందుకో
మలుపు కాడనే బీడీ పారేసినాను.
కాకి తిట్టడం మాత్రం మానలేదు.