నలభయ్యో ఇల్లు

సూదిలో దారం ఎక్కించడానికి
పక్కింటి బెక్తూర్‌ని పిలుస్తాను.
ఏడేళ్లవాడు. ఒక్కో దారానికి ఒక్కో కురుత్ ఉండ కూలి.
ఎండిన పెరుగుండ బుగ్గన పెట్టుకుని
"తాతా, టైరు కుడుతున్నావా?" అంటాడు.

వాడి తప్పేం లేదు.
నా చేతికి తెలిసిన కుట్టు ఒక్కటే.
డోలోన్ కనుమ మీద, మంచు మొహాన కొడుతుంటే
చిరిగిన టార్పాలిన్‌ని
దబ్బనంతో లాగి బిగించిన కుట్టు.
ఇప్పుడీ వేళ్ల మధ్య సూది
ఉందో లేదో తెలియదు,
పొడుచుకున్నప్పుడు తప్ప.

మనవరాలికి బిడ్డ పుట్టి ఇరవై ఆరు రోజులు.
నలభయ్యో రోజున నలభై చెంచాల నీళ్లు పోసి
నలభై ఇళ్ల పీలికల చొక్కా తొడగాలి.
ఎవరి పని అది? సైరాకాన్ పని.
సైరాకాన్ పోయి రెండు చలికాలాలు.
"బజార్లో దొరుకుతుంది తాతా, మెషీను కుట్టు,
నలభై ముక్కలూ ఉంటాయి" అంది మనవరాలు.
ఒకే తానులో నలభై ఇళ్లెలా ఉంటాయే, పిచ్చిదానా.

సంచీ పట్టుకుని మెట్లెక్కాను.
మా బ్లాకు ఐదంతస్తులు, లిఫ్టు లేదు.
నారిన్ చలికి రెయిలింగు పట్టుకుంటే
అరచెయ్యి అక్కడే ఉండిపోతానంటుంది.
మూడో అంతస్తు జినాయిదా పావ్లొవ్నా
టేబులుగుడ్డ మూల కోసిచ్చింది, సరిగ్గా టీ మరక ఉన్న మూల.
"ముప్ఫై ఏళ్లుగా వదల్లేదిది,
మీ బిడ్డా ఇలాగే ఉండాలి."
నర్సు తుర్సునాయ్ పాత డ్యూటీ కోటు జేబిచ్చింది,
అందులో ఇంకా ఓ గుండుసూది.
మాంసం కొట్టు ఓమోర్‌బెక్ పైజామా ముక్క ఇచ్చాడు,
ఉతికాను. మళ్లీ ఉతికాను.
కవలల తల్లి ఒకే గౌను రెండుగా చింపి
రెండిళ్లుగా లెక్క వేసుకోమంది.
వేసుకోలేదు.
డీజిలు లెక్కలు రాసినవాణ్ణి నేను.

ముప్ఫై తొమ్మిది.
పదిహేడో నంబరు తలుపు తెరుచుకోలేదు.
అందరూ రష్యా పనులకి పోయారట,
తాళానికి మంచు పూసింది.

త్రికోణాలుగా కోసి నేలమీద పరిచాను.
మెట్ల మీద మాట్లాడుకోని రెండిళ్లున్నాయి,
ముందు దూరదూరంగా పెట్టాను, గొడవెందుకని.
రంగులు కుదరలేదు.
అంచుకి అంచు ఆనించక తప్పలేదు.

రాత్రి సైరాకాన్ పూసల డబ్బా తీశాను.
నల్లటి గుండ్రటి పూస, ఒళ్లంతా తెల్లచుక్కలు,
కోజ్ మోన్‌చోక్, దిష్టి పూస.
చిల్లు పెట్టిన కొపెక్కులు,
జత లేని చెవికమ్మ,
అడుగున మూడు గుడ్డల కట్టలు,
ఒక్కో కట్టకి ఒక్కో బిడ్డ పేరు.
మూడుసార్లు ఆమె ఈ మెట్లెక్కి దిగింది.
మూడుసార్లూ నేను కనుమకి అవతల ఉన్నాను.
ఇంటికొచ్చేసరికి చొక్కా తొడిగేసి ఉండేది.
"బావుంది" అనేవాణ్ణి,
బూట్లు విప్పుకుంటూ.

అందులోంచి ఒక ముక్క తీసి, మళ్లీ పెట్టేశాను.
సొంతింటి గుడ్డ లెక్కకి రాదు.

పొద్దున్నే షెడ్డుకెళ్లాను.
అమ్మేసిన లారీది ఒకటే మిగిలింది:
క్యాబిను తెర, ముదురెరుపు ముఖమల్, అంచున కుచ్చులు,
ఎండ తగిలినవైపు వెలిసిపోయింది.
ముప్ఫై ఒక్క ఏళ్లలో
ఎక్కువ రాత్రులు నేను పడుకున్నదెక్కడ?
కత్తెర పెట్టాను.
నలభై.

ముళ్లు గుచ్చుకుంటాయని
చొక్కాని తిరగేశాను.
నున్నటివైపు బిడ్డ ఒంటికి,
నా వంకర కుట్లూ దారప్పోగులూ
చూడ్డానికొచ్చేవాళ్లకి.
ఛాతీ దగ్గర దిష్టి పూస కుట్టబోతే
మనవరాలు అటూ ఇటూ తిప్పి చూసి
"ఈ కుట్టు చాల్లే తాతా, ఏ కన్నూ దగ్గరికి రాదు" అంది.

అయినా కుట్టాను.
దారం బెక్తూరే ఎక్కించాడు.
ఈసారి రెండు ఉండలడిగాడు,
పండగ రేటట.