చీమ తలకాయంత అక్షరాలు

మా గిర్ని కల్వకుర్తి పాత బస్టాండు ఎనక.
ఇరవై ఏండ్ల సంది
నా కనురెప్పల మీద గూడ పిండే.
"ముసలోడివైనవ్ అంజిలన్నా" అని పరాచికమాడేటోళ్లకు
తల దులిపి చూపిచ్చేటోణ్ణి,
నల్లగనే ఉన్నయి సూడుండ్రి అని.

మేఘనకు కడుపుబ్బి, కాళ్లు పుల్లలైనప్పుడు
అంగన్వాడీ టీచరు, పాపం మంచిది,
రెండు పాకిట్ల పొడి ఎక్కువిచ్చింది.
బలమొస్తదని మూడు పూటలా కలిపి తాపినం.
తాపినకొద్దీ
పిల్ల ఎండింది.

పట్నం దవఖానల పేగు ముక్క తీసి చూసినంక
డాక్టరమ్మ అడిగింది, మీరేం పని చేస్తరని.
చెప్పిన.
ఆమె పెన్ను కింద పెట్టింది.

ఇగ గోధుమ బందు. చపాతి బందు, సేమియా బందు, ఉప్మ రవ్వ బందు.
ఇవన్నీ మొఖం తెలిసిన దొంగలు.
మావి జొన్నరొట్టె తిన్న పేగులే గదా,
ఏం కష్టం అనుకున్నం.

నాలుగు నెలలైనా ఉబ్బు దిగలే.
బాలమణి వంటింటి అరలన్నీ తీసి నడింట్ల కుప్ప పోసింది.
అద్దాలు పెట్టుకొని
భూమి కాయితాలు చదివినట్టు
ఒక్కొక్క డబ్బా తిప్పి తిప్పి చదివిన.
రాగి మాల్టని రాసిన దాంట్ల రాగుల కంటె ముందు గోధుమలు.
సూపు పాకిట్ల మైదా.
చాక్లెట్టు నడుమ కరకరమనే పొర.
ఐస్‌క్రీమంటె సరే, మరి దాని కోను?
పెండ్లిల పంచిన సోన్‌పాపిడి పెట్టె
సగం ఖాళీ అయ్యుంది, ఎవరు తిన్నరో ఎవరూ చెప్పలే.

కుప్పల ఆఖరికి పోపుల పెట్టె మిగిలింది.
పప్పుచారుల ఏముంటది?
కందిపప్పు, చింతపండు, ఎండుమిరప,
చిటికెడు ఇంగువ.
పచ్చ డబ్బా అడుగున, ధర పక్కన,
చీమ తలకాయంత అక్షరాలల్ల ఉంది:
గోధుమపిండి.
అచ్చం ఇంగువనే అనుకున్నం ఇన్నాళ్లు.

కడుపునొప్పికి దాన్ని మించింది లేదని
మా అమ్మ నాలుగు నెలల సంది
మజ్జిగల ఇంగువ కలిపి తాపుతున్నది.
ఆ రాత్రి అమ్మ
అన్నం ముందర చానాసేపు కూసొని లేచిపోయింది.

పీర్ల పండుగనాడు ఖాజాబీ గిన్నెల మలీద తెచ్చింది,
నెయ్యి వాసన వాకిలి దాక.
మేఘన చేతులు ఎనకకు పెట్టుకుంది.
ఖాజాబీ మొఖం చిన్నబోయింది.
"మా ఇంటిది తినదా పిల్ల?"
ఆ మాట ఆమె ఎన్ని గడపలల్ల మింగిందో.
డబ్బాలు చూపిస్తె ఏం లాభం, ఆమెకు చదువు రాదు.
"నా గిర్ని పిండే నా బిడ్డకు పడదక్కా" అన్న.
ఆమె నా తల దిక్కు చూసింది,
నా చొక్కా దిక్కు చూసింది.
గిన్నె మీద మూత పెట్టి
మేఘన నెత్తి మీద చెయ్యి పెట్టి పోయింది.

డబ్బాలు అయిపోయినంక
బాలమణి నన్ను చదువుడు షురూ చేసింది.
జేబుల మడతలు, కాలరు, మీసం, చేతి గోర్లు.
నా మీద ఏ అక్షరాలూ ఉండయి గదా.
ఇప్పుడు పెరట్ల తానం చేసి, బట్టలు తీగె మీద ఏసి,
అటెన్క ఇంట్లకు.
అప్పుడైతె బండి చప్పుడినంగనే
ఉరికొచ్చి మెడల ఏలాడేది.

నీళ్ల హౌజు మూత మీద బరువుకు పెట్టిన ఇసుర్రాయిని
దింపి, కడిగి, ఎండబెట్టిన.
ఊరందరికి కరెంటు మీద పట్టిచ్చేటోణ్ణి
బిడ్డ జొన్నలకు చెయ్యి తిప్పుతున్న.
మొదటి వాయి కోళ్లకు. రెండోది ఆమెకు.
ఎంత తిప్పినా సోలెడు,
భుజం పీకుతది, నవ్వొస్తది.

నిన్న తానం చేసొచ్చి పక్కన కూసున్న.
మేఘన నా మొఖం పట్టుకొని అటిటు తిప్పి చూసింది,
నేను డబ్బాలు చూసినట్టే.
చెవి ఎనక మడతల ఏలు పెట్టి తీసి
ఎలుగుల చూపిచ్చింది:

"నాయినా, ఇంకా ఉంది."