ప్యాక్

చించినాడ అవతల, రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డు.
రాత్రి రెండు దాటింది.
ఏరియేటర్లు ఆగకుండా నీళ్ళని కొడుతున్నాయి.
నా చేతిలో ఆఠీను తొమ్మిది, పది, జాకీ.
ఏడాదికోసారి పడే వరస.

గనిరాజు చుట్ట ఆరిపోయింది.
సాయంత్రం నుంచి వెలిగిస్తూనే ఉన్నవాడు
ఇప్పుడు అగ్గిపెట్టె ముట్టట్లేదు.
ముక్కలు ఒక్కసారి చూసి బోర్లించాడు.
రెట్టించాడు.
మళ్ళీ రెట్టించాడు.

మేత బస్తాల డబ్బు సగం చాప మీదే ఉంది.
అది ఇక నాది కాదని
నాకు నేను చెప్పుకోడానికే చాలాసేపు పట్టింది.

పోయినేడాది రొయ్య మీద తెల్లమచ్చ కనపడ్డ రోజు
ఇంకో వారం చూద్దామన్నాను,
ముప్పై కౌంటుకి వస్తుందని.
వారానికి
గట్టు పొడుగునా ఎర్రగా తేలింది.

జాకీకి ఒకటే కన్ను కనపడుతుంది.
ఆ కన్నూ నా వైపు లేదు.
మూడూ కలిపి మూసేశాను.
"ప్యాక్."

గనిరాజు తన ముక్కలు చూపించలేదు.
కట్టలో కలిపేసి, అప్పుడు చుట్ట వెలిగించాడు.

తెల్లారి సఖినేటిపల్లి రేవులో
పంటు మీద పక్కపక్కనే నిలబడ్డాం.
"ఏం పడ్డాయి?" అన్నాను.
గోదారి కేసి చూశాడు.
"పోటొస్తోంది," అన్నాడు.